తూర్పు మూసిన మంత్రి

జపాను దేశపు పాత రాజధానిలో ఒక మంత్రి ఉండేవాడు. ఆయనకి కాదని చెప్పడం రాదు.

రాదంటే నిజంగా రాదు. బుద్ధెరిగాక ఎవరి మొహం మీదా "వీల్లేదు" అన్న పాపాన పోలేదు. అలాగని అడిగినవాళ్ళకి అడిగినట్టు చేసిపెట్టే ధర్మాత్ముడనుకునేరు, అంత లేదు. తనకి గిట్టని పని ఎవరైనా చెప్తే చిరునవ్వు నవ్వి, విసనకర్ర మూసి, "తప్పకుండా వచ్చేవాణ్ణే. ఏం చెయ్యను, ఇవాళ దిక్కు బాగాలేదు" అనేవాడు. అడిగినవాడికి నొచ్చుకునే వీలు కూడా ఉండేది కాదు. దేవుడి మీదకి తోసేశాక ఎవడేం మాట్లాడతాడు?

ఆ దేశంలో అప్పట్లో దిక్కుల పట్టింపు అలాంటిది. మనకి వారశూల ఉన్నట్టే వాళ్ళకీ ఉండేది, కాకపోతే ఇంకా గట్టిది. ఉగ్రదేవుడొకడు దిక్కు నుంచి దిక్కుకి మారుతూ కూర్చుంటాడనీ, ఆయన కూర్చున్న వైపు తిన్నగా వెళ్తే ప్రాణాల మీదకి వస్తుందనీ వాళ్ళ నమ్మకం. తప్పనిసరైతే ఒక ఉపాయం ఉంది. ముందు ఇంకో వైపు ఎవరింటికో వెళ్ళి అక్కడ పడుకోవాలి. మర్నాడు అక్కణ్ణించి బయల్దేరితే దిక్కు మారిపోతుంది. దేవుడికి కోపం రాదు, మన పనీ ఆగదు. ఊళ్ళో పెద్ద కుటుంబాల వాళ్ళందరూ ఇలాగే చుట్టు తిరిగి బతికేవారు. మన మంత్రి మాటలు కూడా అలాగే చుట్టు తిరిగి వచ్చేవి, అంతే తేడా.

ఆయన పేరేమిటని అడక్కండి. కొలువులో పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు, పదవి పెట్టే పిలుస్తారు. పదవి మారితే పేరు మారినట్టే. అందుకని ఆ ఊళ్ళో అందరూ పేరు పెద్దది చేసుకునే ప్రయత్నంలోనే ఉండేవారు. మంత్రి ఒక్క మనిషిని మాత్రం పేరుతో పిలిచేవాడు. ఆమె ఆయన కూతురు, హగి. హగి అంటే అక్కడ శరదృతువులో పూసే ఒక చిన్న పువ్వు. కొమ్మ నేలదాకా వంగిపోయి ఉంటుంది.

హగి తండ్రి దగ్గర పెరగలేదు. ఆ దేశపు ఆచారమే అంత. పెళ్ళయినా భార్య పుట్టింట్లోనే ఉంటుంది, భర్త వచ్చి పోతూంటాడు. పిల్లలు తల్లి దగ్గరే పెరుగుతారు. ఆ ఇల్లు ఏటికి అవతలి ఒడ్డున, నగరానికి తూర్పున ఉంది. మంత్రి ఎడ్లబండిలో ఏరు దాటి వెళ్తే హగి వరండా చివరికి పరిగెత్తుకొచ్చేది. ఆయన నల్లటి కొలువు టోపీ లాక్కుని తన నెత్తిన పెట్టుకునేది. అది కళ్ళ మీదకి జారి, ముక్కు దగ్గర ఆగేది. "ఇప్పుడు నేను మంత్రిని. దిక్కు బాగాలేదు. నాన్న ఇవాళ వెళ్ళడానికి వీల్లేదు" అనేది, గొంతు బొంగురు చేసి. ఆయన పడీపడీ నవ్వేవాడు. ఆయన నవ్వేది ఆ ఇంట్లోనే. కొలువులో నవ్వేది నవ్వు కాదు, అది ఉద్యోగం.

"నా ముడి మీరే వెయ్యాలి నాన్నా" అంది హగి ఒకసారి.

మన దగ్గర ఓణీల వేడుక లాగ అక్కడ ముడి వేడుక. ఆడపిల్ల ఎదిగాక మొదటిసారి పెద్దవాళ్ళ దుస్తులు తొడిగి, నడుముకి పట్టు తాడు కడతారు. ఆ ముడి వేసేవాడు గొప్పవాడయితే పిల్లకి గౌరవం. ముడి పడేదాకా ఎంత ఎదిగినా చిన్నపిల్లే. పెళ్ళి మాట ఎత్తరు, పెద్దల్లో కూర్చోనివ్వరు.

"రాజుగారి బంధువెవరినైనా పిలుద్దాం. నాకంటే పెద్దవాళ్ళని" అన్నాడు మంత్రి.

"ఎవరూ వద్దు. మీరే."

"సరే తల్లీ, నేనే. వచ్చే వసంతంలో."

ఈ మాట కాదనలేక అన్న మాట కాదు. మనసారా అన్నాడు.

ఆ చలికాలంలోనే ముసలి చక్రవర్తి పోయాడు. సింహాసనం మీద పసివాణ్ణి కూర్చోబెట్టారు. పసివాడు రాజ్యం చెయ్యలేడు గనక, పెద్దయ్యేదాకా వాడి బదులు ఏలడానికి ఒక మనిషి కావాలి. ఆ పదవి కంటే పైన ఇంకేమీ లేదు. మంత్రి దాని కోసం పదేళ్ళ బట్టీ తపిస్తున్నాడు. తలుపు దాకా వచ్చాడు, ఒక్క మనిషి అడ్డం.

అతను పసి చక్రవర్తికి చదువు చెప్పే గురువు. డబ్బూ లేదు, బంధుబలం లేదు. అయితే సభలో అతను నోరు తెరిస్తే మిగతావాళ్ళు మూసుకునేవారు. మంత్రీ అతనూ చిన్నప్పుడు ఒకే బల్ల దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్ళు. గురువుకి స్నేహం వేరు, సభ వేరు. "మన వాడు మంచివాడే. కాని వాడికి ముక్కుసూటిగా ఒక్క మాట చెప్పడం రాదు. అలాంటివాడి చేతికి పసివాణ్ణి ఇవ్వకూడదు" అని ఆ పదవికి మనిషిని ఎంచే సభలో చెప్పబోతున్నాడని మంత్రికి తెలిసింది. కోపం రాలేదు. అది నిజమని తెలుసు గనక భయం వేసింది.

గురువు ఇల్లు కూడా ఏటికి అవతలే.

మంత్రి దిక్కులు చూసే జోస్యుణ్ణి పిలిపించాడు. తియ్యటి సారా పోయించాడు. ఆ మాటా ఈ మాటా మాట్లాడి, వాన గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతికి వచ్చాడు.

"ఉగ్రదేవుడు ఈసారి తూర్పున కూర్చుంటే బాగుండునేమో" అన్నాడు.

జోస్యుడు తెలివైనవాడు. గిన్నె కింద పెట్టి, "కూర్చుంటాడండీ. ఆయనకేం, ఎక్కడైనా కూర్చుంటాడు. ఎవర్నీ తూర్పుకి వెళ్ళనివ్వడు, తూర్పు నుంచి రానివ్వడు. పసి ప్రభువు ప్రాణానికే ముప్పని రాస్తాను" అన్నాడు.

"మంచిది."

"కాని అయ్యగారూ, జనం చుట్టు తిరిగి వస్తారు కదా. ఉత్తరాన ఎవరింట్లోనో పడుకుని మర్నాడు సభకి వచ్చేస్తే?"

మంత్రి విసనకర్ర తెరిచాడు, మూశాడు. "ఆ దారి కూడా మూసెయ్యి" అన్నాడు.

"అది ఎన్నడూ లేదండి. చుట్టు దారి మూస్తే ఇక ఎవరికీ దారి ఉండదు."

"అదేగా కావలసింది."

చూశారా, మహానుభావుడు! ఊరంతటికీ తలుపు వేసేటప్పుడు తను ఏ పక్కన నిలబడ్డాడో చూసుకోవాలా వద్దా? మర్నాడు నగరమంతా చాటింపు వేశారు. ఏటి మీది వంతెన చెక్కలు పీకేశారు. తూర్పు గుమ్మానికి అడ్డగడియ పడింది. మంత్రి తృప్తిగా ఇంటికొచ్చి, టోపీ తీసి, కాళ్ళు కడుక్కుంటుంటే ముసలి నౌకరు తువ్వాలందిస్తూ అన్నాడు.

"మరి అమ్మాయిగారి ముడికి ఎలా వెళ్తారు బాబూ?"

మంత్రి తువ్వాలు అందుకోలేదు. ఒట్టు, ఆ క్షణందాకా ఆయనకి ఆ ఇల్లు తూర్పున ఉందన్న ఊహే రాలేదు. గురువు ఇల్లు తూర్పున ఉంది. కూతురి ఇల్లు ఏ దిక్కునా లేదు, అది కూతురి ఇల్లు, అంతే. తడికాళ్ళతో అలాగే నిలబడిపోయాడు.

"ఎంతలే. సభ అయిపోగానే తీయించేస్తాను" అన్నాడు కాసేపటికి. "ఒక్క ఋతువు. పిల్ల ఆ మాత్రం ఆగదా?"

సభ జరిగింది. గురువు రాలేదు. అతను నియమం తప్పే మనిషి కాడు. పసివాడి ప్రాణానికి ముప్పు అన్నాక తన మాటకంటే అదే ముఖ్యమనుకుని, అవతలి ఒడ్డున స్నానం చేసి నగరం వైపు తిరిగి పసివాడి ఆయుష్షు కోసం ప్రార్థన చేస్తూ కూర్చున్నాడు. ఇవతల మంత్రి రాజప్రతినిధి అయ్యాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆ పదవికి గుర్తయిన ఊదారంగు అంగీ తొడుక్కున్నాడు. దేశమంతా ఆయన మాటే చెల్లింది.

ఇక తూర్పు తెరిపిద్దామనుకున్నాడు. తెరిస్తే మొదట ఏరు దాటి వచ్చేది గురువు. వచ్చి, అవునయ్యా, ఆ దేవుడు సరిగ్గా సభ వేళకే ఎలా వచ్చి కూర్చున్నాడు అని అడిగితే? కుర్చీ కాస్త కుదురుకోనీ, తర్వాత చూద్దాం అనుకున్నాడు. కుర్చీ కుదురుకునేసరికి తూర్పు జిల్లాల్లో పంటలు పోయాయి. అక్కడి జనం మొర పెట్టుకోవాలని ఏటి ఒడ్డుదాకా వచ్చి, దిక్కు మూసి ఉందని విని, దణ్ణం పెట్టి వెనక్కి పోయారు. అబ్బ, ఎంత హాయి! ఏ రాజప్రతినిధికి దక్కింది అలాంటి హాయి? ఇంకో ఏడాది ఉంచితే ఏం పోయింది?

వసంతం వచ్చింది. వెళ్ళింది. మళ్ళీ వచ్చింది.

మంత్రి అప్పుడప్పుడు గాలికని చెప్పి బండిలో ఏటి ఒడ్డుకి వెళ్ళేవాడు. అక్కణ్ణించి చూస్తే కూతురి ఇల్లు కనిపిస్తుంది. వెదురు తెరలు వేసిన వరండా కనిపిస్తుంది. పెద్దింటి ఆడవాళ్ళు తెర వెనక కూర్చుని, తాము ఉన్నామని తెలియడానికి తెర కిందనుంచి అంగీ చేతుల అంచులు బయటికి జార్చి ఉంచుతారు. మనిషి కనపడదు, రంగులు కనిపిస్తాయి. హగి తండ్రి బండిని గుర్తుపట్టింది కాబోలు, ఆ బండి వచ్చిన రోజున తెర కింద ఒక ఎర్రటి అంగీ చెయ్యి కాస్త ముందుకి జరిగేది. ఆ ఎరుపు చిన్నపిల్లలు తొడుక్కునేది. అది చూసి మంత్రి, పోనీలే, ఇంకా పిల్లే కదా అని సరిపెట్టుకునేవాడు. ఏళ్ళు గడిచాయి. చెయ్యి మాత్రం ఎర్రగానే ఉంది. అతుకు వేసి పొడుగు చేసిన గుర్తు ఒడ్డు నుంచి కూడా తెలిసేది. ముడి పడలేదు, ఇంకెవరినీ వెయ్యనివ్వలేదు. ఎదిగిన పిల్ల చిన్నపిల్ల బట్టల్లో తన కోసమే కూర్చుందని ఆయనకి తెలుసు. తెలిసే, బండి వెనక్కి తిప్పించేవాడు.

ఒక శరదృతువులో వచ్చి చూస్తే ఎరుపు లేదు. తెర కింద బూడిదరంగు చెయ్యి ఉంది.

అది చావు రంగు. ఇంట్లో ఎవరో పోయారు. కూతురు కట్టుకుంది గనక పోయింది తల్లి. మంత్రి బండిలోనే కూలబడి ఏడ్చాడు. భార్య పోయిందని కబురు చెప్పడానికి కూడా మనిషి రాలేని దిక్కు అది. ఆ పిల్ల ఒక్కతే ఏం చేసి ఉంటుంది? ఎవరు పట్టుకుని ఉంటారు? "ఛీ, నా బతుకు" అన్నాడు పైకే. బండి తోలేవాడు విననట్టు ఎద్దు మెడ నిమిరాడు.

ఆ రోజు తిన్నగా కోటకి వెళ్ళాడు. పసి చక్రవర్తి ఇప్పుడు మీసకట్టు వచ్చిన కుర్రవాడు.

"ప్రభూ, తూర్పు తెరిపించండి" అన్నాడు మంత్రి. జీవితంలో చుట్టు తిరగకుండా అన్న మొదటి మాట అదే కావచ్చు.

చక్రవర్తి సింహాసనం దిగి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. "నాకు తెలుసు. మీ ఇంటావిడ పోయారట, ఒడ్డున చూసినవాళ్ళు చెప్పారు. నా ప్రాణం కోసం మీరు భార్యనీ కూతుర్నీ వదులుకున్నారు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడల్లా 'తూర్పు వైపు చూశారా ప్రభూ' అని నన్ను గట్టిగా పట్టుకుని కూర్చునేవారు. నన్ను కన్నవాళ్ళు కూడా అంత చెయ్యలేదు. ఇప్పుడు మీ దుఃఖంలో మీరేదో అంటే నేను ఒప్పుకుంటే, మీ త్యాగమంతా ఏమవుతుంది?"

కుర్రవాడి కళ్ళ నిండా నీళ్ళు. ఆ దేవుడు లేడు నాయనా, నేనే పెట్టాను, అనడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. మంత్రి నోరు తెరిచాడు. ఆ కళ్ళు చూశాడు. తన ఊదా అంగీ చూసుకున్నాడు. "తమ దయ" అని వంగి, వెనక్కి నడిచి బయటికొచ్చేశాడు. ఆ నాలుగడుగులు తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు తల బాదుకున్నాడో!

జోస్యుడి ఇంటికి వెళ్ళాడు. వాడు బాగా ముసలివాడైపోయాడు, పళ్ళు లేవు.

"ఏదో ఒకటి రాసి తీసెయ్యవయ్యా. దేవుడు లేచి వెళ్ళిపోయాడని రాయి."

"మనం పెట్టిన దేవుడే అయ్యగారూ, నేను కాదనను. కాని తమరు ఏటి ఒడ్డుకి వెళ్ళినప్పుడు ఎగువకి చూశారో లేదో, గుడి కట్టేశారు. పూజారులున్నారు, వాళ్ళకి పెళ్ళాం పిల్లలున్నారు. ఏటా తిరునాళ్ళు జరుగుతోంది. ఇప్పుడు నేను పొమ్మంటే ఆయన పోతాడా? నన్ను పొమ్మంటారు" అన్నాడు జోస్యుడు. ఆ చలికాలం దాటకుండా నిజంగానే పోయాడు కూడా. ఇక ఆ దేవుణ్ణి ఎవరు పెట్టారో తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే మిగిలాడు.

ఆ ఒక్కడికీ నిద్ర పట్టడం మానేసింది. అన్నం ముందు కూర్చుంటే బూడిదరంగు చెయ్యి కనిపించేది. సభలో జనం లేచి నిలబడితే, వీళ్ళంతా ఎందుకు లేచారా అని తికమకపడేవాడు. త్యాగమూర్తి అని ఎవరైనా పొగిడితే చెంప మీద కొట్టినట్టుండేది. చివరికి ఒక తెల్లవారుజామున ఊదా అంగీ విప్పి మడతపెట్టాడు. టోపీ దాని మీద పెట్టాడు. నౌకరు పాత నూలు బట్ట కట్టుకుని ఒంటరిగా నడిచి ఒడ్డుకి వచ్చాడు. వెళ్ళి నిజం చెప్పెయ్యాలి. కొట్టనీ, తిట్టనీ, ఉమ్మెయ్యనీ. తర్వాత ఆ ముడి ఒక్కటీ వేసి వచ్చేస్తే చాలు. తర్వాత తల తీసేసినా సరే.

ఎండాకాలం గనక ఏరు మొలలోతే ఉంది. కావలివాళ్ళు గుమ్మం దగ్గర కునుకుతున్నారు. అన్నేళ్ళుగా అటు వెళ్ళేవాడు ఎవడూ లేకపోతే పాపం వాళ్ళు మాత్రం ఎవరికి కాపలా కాస్తారు? ముసలాయన రాళ్ళ మీద జారుతూ, లేస్తూ, నీళ్ళు మింగుతూ అవతలికి చేరాడు. ఇంతేనా, ఈ కాస్త నీళ్ళేనా అనుకుని ఒడ్డున కూర్చుని కాసేపు వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇల్లు పాతబడిపోయింది. పెరట్లో హగి పొద నేల మీదకి పడి ఉంది. వరండాలో తెర వేసి ఉంది. తెర కింద ఎర్రటి చెయ్యి, అతుకుల మీద అతుకులు. మైల తీరి మళ్ళీ చిన్నపిల్ల బట్టలే కట్టుకుందన్నమాట.

"ఎవరది?" అంది తెర వెనకనుంచి ఒక గొంతు. ఎదిగిన ఆడమనిషి గొంతు. ఆయన ఎరగని గొంతు.

"నేనమ్మా. నాన్నని."

ఎర్రటి చెయ్యి కాస్త ముందుకి జరిగింది.

"ఏ వైపు నుంచి వచ్చారు?"

"అవతల నుంచి తల్లీ. ఏరు దాటి."

"తిన్నగానా?"

"తిన్నగానే."

ఎర్రటి చెయ్యి గబుక్కున లోపలికి పోయింది. "అయ్యో, ఎంత మోసం!" అంది ఆమె. "స్వామీ, మీకు మా మీద ఇంకా పగ తీరలేదా? ఆఖరికి మా నాన్న రూపంలో వచ్చారా?"

"రూపమేంటమ్మా, నేనే. నా టోపీ నీ నెత్తిన పెట్టుకునేదానివి. ముక్కు దాకా జారేది. దిక్కు బాగాలేదు, నాన్న వెళ్ళడానికి వీల్లేదు అనేదానివి."

"దేవుళ్ళకి తెలియనిదేముంది!" అంది ఆమె. "మా నాన్న ఆ దిక్కు తొక్కరు. తొక్కితే ఒక పసివాడి ప్రాణం పోతుందని, మమ్మల్ని కూడా కాదనుకున్న మనిషి ఆయన. మీరు తిన్నగా వచ్చానన్నప్పుడే తెలిసిపోయింది మీరెవరో."

మంత్రి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"విను తల్లీ. ఆ దేవుడు లేడు. ఎప్పుడూ లేడు. నేనే జోస్యుడి చేత రాయించాను. గురువు సభకి వస్తే నాకు పదవి రాదని రాయించాను. ఈ ఇల్లు తూర్పున ఉందన్న సంగతి కూడా నాకు ఆ పూట గుర్తు లేదు. అంతే జరిగింది. నన్ను తిట్టు."

తిడుతుందని తల వంచుకుని కూర్చున్నాడు. తిట్టింది కూడా. కాని తిట్టింది ఆయన్ని కాదు.

"మా నాన్నని ఇంత మాటంటారా? దేవుడైతే మాత్రం నోటికి హద్దుండక్కర్లేదా? మా అమ్మ ఊపిరాగే ముందు పడమటికి తిప్పించుకుని, ఆయనున్న వైపు దణ్ణం పెట్టుకుని పోయింది. గురువుగారు బతికున్నన్నాళ్ళు నాకు అక్షరాలు చెప్పారు. 'మీ నాన్నని నేను తక్కువగా అనుకున్నానమ్మా. నాకంటే గొప్పవాడు, నేను సభ ఒక్కటే వదులుకున్నాను, వాడు మిమ్మల్ని వదులుకున్నాడు' అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మీరు చెప్పిందే నిజమైతే గురువుగారు ఎందుకు అలా ఏడ్చినట్టు? మా అమ్మ దేనికి దణ్ణం పెట్టినట్టు? నా జుట్టులో అప్పుడే తెల్ల వెంట్రుకలు వచ్చాయి. నేనింకా ఈ బట్టల్లో ఎందుకున్నట్టు? చెప్పండి!"

ఆయన దగ్గర జవాబు ఉంది. ఇందాక చెప్పిందే. ఒకసారి చెప్తే నిజం, ఇంకోసారి చెప్తే అది కత్తి. ఆమె దగ్గర మిగిలింది ఒక్క మంచి తండ్రి. ఆ ఒక్కడినీ చంపి, ఆ చోట ఈ తడిసిన ముసలాణ్ణి కూర్చోబెట్టాలి. అందుకేనా ఇంత దూరం వచ్చింది?

"ముడి ఇంకెవరి చేతనైనా వేయించుకోకూడదా తల్లీ?" అన్నాడు చివరికి, చిన్నగా.

"ఎలా వేయించుకుంటాను? ఆయన వచ్చి చూసి నొచ్చుకోరూ?"

తెర వెనకనుంచి నుదురు నేలకి ఆనించిన చప్పుడు వినిపించింది. ఆమె కోపం పోయింది. ఆడవాళ్ళు మొండి దేవుణ్ణి బతిమాలే గొంతు వచ్చింది.

"స్వామీ, తప్పుగా మాట్లాడాను, మన్నించండి. మీకు దణ్ణం పెడతాను. ఇన్నేళ్ళు కూర్చున్నారు, ఇంక చాలు, లేవండి. మీరు వెళ్తేనే మా నాన్న వస్తారు. ఆయనకి కూడా వయసు మీద పడింది. ఎన్నాళ్ళు ఆగగలరు?"

ఎండ వరండా మెట్టు మీదకి వచ్చింది. మంత్రికి కాదని చెప్పడం రాదు కదా. ఈసారి మాత్రం రాక కాదు, మనసొప్పక.

"సరే తల్లీ. వెళ్తాను" అన్నాడు.

"నిజంగా?"

"నిజంగా."

లోపల ఆమె నవ్వో ఏడుపో తెలియని చప్పుడు చేసింది. "ఎవరక్కడ, నాన్నగారి గది తుడవండి, పట్టు తాడు బయటికి తియ్యండి" అని కేకేసింది. ఇంట్లో కాళ్ళ చప్పుళ్ళు మొదలయ్యాయి. ముసలాయన స్తంభం పట్టుకుని లేచాడు. వచ్చిన దారినే వెళ్దామని ఏటి వైపు తిరిగాడు.

"స్వామీ, అటు వద్దు!" అంది కూతురు కంగారుగా. "పడమటికి మాత్రం వెళ్ళకండి. అటు మా నాన్న ఉన్నారు."

ఆయన ఆగాడు. తల ఊపాడు. వెనక్కి తిరిగి, ఇంటి పక్కగా, పొలాల గట్టు మీద తూర్పుకి నడుస్తూ వెళ్ళాడు. లోపల చాపలు దులుపుతున్నారు.